కసమ్ వద్దు, సుద్దముక్క తే

మా చోటే మామూ లారీ డ్రైవర్. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజ్ అయిన కాసేపటికి మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. అమ్మీ నీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. అబ్బా వైపు చూసి, "దుల్హేభాయ్, నన్ను చోర్ అన్నాడు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు మాట రాలేదు.

తర్వాత మెల్లగా సంగతి తెలిసింది. ఓనరు ట్రిప్ షీట్లు ముందేసుకుని హిసాబ్ చూశాడట. లీటరుకు నాలుగు కిలోమీటర్ల పైన ఇచ్చే బండి ఉన్నట్టుండి నాలుగు లోపలికి పడిపోయింది. అదే రోడ్డు, అదే లోడు, అదే డ్రైవర్. ఇంజను బాగానే ఉంది, ఎక్కడా లీకు లేదు. మరి డీజిల్ ఏమైంది? దారిలో అమ్ముకున్నాడన్నమాట. వరసగా మూడు ట్రిప్పులకు మామూ జీతంలోంచి డబ్బు కోసేశాడు.

ఆ ఓనరు ప్రశ్నలో తప్పేమీ లేదని నేనిప్పటికీ అంటాను. దారిలో డీజిల్ అమ్ముకునే డ్రైవర్లు లేరని నేనేం కసమ్ వేయను. ఉన్నారు. అయితే ప్రశ్న అడగడానికీ, జవాబు వెతక్కుండానే సజా వేయడానికీ మధ్య చాలా దూరం ఉంది.

మామూ చివరికి తేరుకుని, "జుమా నాడు మస్జిద్‌లో అందరి ముందూ ఖురాన్ పట్టుకుని కసమ్ ఖాతూఁ" అన్నాడు. మా అబ్బా ఆటోనగర్‌లో లారీ మెకానిక్కు. మాటలు తక్కువ మనిషి. ఆయన ఒక్కటే అడిగాడు, "బండికి ఈమధ్య ఏం మార్చారు?"

"టైర్లు. ఆరుకి ఆరూ కొత్తవి. తొమ్మిదొందల ఇరవై తీసేసి వెయ్యి ఇరవై వేశారు. లోడు బాగా ఆగుతుందని."

అబ్బా కాసేపు ఆలోచించి అన్నాడు, "కసమ్ వద్దు. పొద్దున ఫజర్ తర్వాత బండి షెడ్డుకి తీసుకురా. వచ్చేటప్పుడు సుద్దముక్క తే."

ఆ సుద్దముక్క గురించే ఇవాళ రాస్తున్నా. ఇది మామూ ఒక్కడి కథ అయితే ఇంట్లోనే చెప్పుకునేవాణ్ణి. టైరు సైజు మార్చి మీటరు మార్చకుండా రోడ్డెక్కే బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ తేడా చివరికి ఎవరి జేబుకు చిల్లు పెడుతుందో కూడా ఏం మారలేదు.

ముందు మీటరు సంగతి అర్థం చేసుకోవాలి. లారీ మీటరుకు రోడ్డు కనిపించదు. అది లెక్కపెట్టేది తిరుగుళ్ళను. మామూ బండి లాంటి పాత బండ్లలో గేర్‌బాక్స్ వెనక భాగంలో ఒక వర్మ్ ఉంటుంది, దానికి ఆనుకుని పళ్ళున్న చిన్న పినియన్, ఆ పినియన్‌కు కేబుల్. షాఫ్ట్ తిరిగితే కేబుల్ తిరుగుతుంది. కేబుల్ రెండో కొస మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, అయస్కాంతం ఒక అల్యూమినియం గిన్నెను లాగుతుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఆ రెండింటి పెనుగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అది వేగం. కిలోమీటర్ల అంకెలు మాత్రం అదే కేబుల్‌తో చిన్న పళ్ళచక్రాల మీద నడుస్తాయి. కొత్త బండ్లలో కేబుల్ బదులు సెన్సర్ ఉంటుంది. అది పల్సులు పంపుతుంది, మీటరు వాటిని లెక్కపెడుతుంది. పద్ధతి మారింది గానీ నమ్మకం మాత్రం అదే. చక్రం ఇన్నిసార్లు తిరిగితే ఒక కిలోమీటరు అని కంపెనీవాడు ముందే దానికి చెప్పి పెట్టాడు. మీటరు ఆ మాట మీదే నిలబడుతుంది. చక్రం పెద్దదైన సంగతి దానికి ఎవరూ చెప్పకపోతే అది పాత మాటే చెప్తూ ఉంటుంది. నియ్యత్ మంచిదే, కానీ గవాహీ తప్పు.

పొద్దున్నే మామూ బండి తెచ్చాడు. అబ్బా ముందు గాలి చూపించి సరిచేయించాడు. గాలి తక్కువైతే టైరు చదునై కొలత తేడా వస్తుంది. తర్వాత వెనక టైరు మీద సుద్దతో ఒక గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత. బండిని తిన్నగా, మెల్లగా ముందుకు తోలమన్నాడు. నేను పక్కన నడుస్తూ గీత ఎన్నిసార్లు కిందికొచ్చిందో లెక్కపెట్టాలి. అయిదు చుట్లు అయ్యాక నేల మీద ఇంకో గీత. మధ్య దూరం టేపుతో కొలిచాం. 16 మీటర్ల 5 సెంటీమీటర్లు. అంటే ఒక చుట్టుకు 3.21 మీటర్లు.

పక్క షెడ్డులో అలాంటిదే ఇంకో బండి ఉంది, కొత్త తొమ్మిదొందల టైర్లతో. దాన్నీ అలాగే కొలిచాం. అయిదు చుట్లకు పదిహేనున్నర మీటర్లు. ఒక చుట్టుకు 3.10.

చుట్టుకు 11 సెంటీమీటర్ల తేడా. చూడ్డానికి ఎంత? జానెడు కూడా లేదు. కానీ మీటరు దృష్టిలో తొమ్మిదొందల టైరు సుమారు 322 సార్లు తిరిగితే ఒక కిలోమీటరు. వెయ్యి టైరు 322 సార్లు తిరిగేసరికి బండి కిలోమీటరు దాటి ఇంకో 35 మీటర్లు పోయి ఉంటుంది. ఆ 35 మీటర్లు ఏ ఖాతాలోనూ పడవు. వందకు మూడున్నర కిలోమీటర్లు గాలిలో కలిసిపోతాయి.

అబ్బా అక్కడితో ఆగలేదు. "పాత టైర్లు ఎలా ఉండేవి?" అని మామూని అడిగాడు. "బోడిగుండు" అన్నాడు మామూ. అసలు కిటుకు అక్కడుంది. కొత్త లారీ టైరుకు గాడి లోతు సుమారు 15 మిల్లీమీటర్లు ఉంటుంది. అది అరిగి 3 మిల్లీమీటర్లకు వస్తే టైరు వ్యాసం 24 మిల్లీమీటర్లు తగ్గినట్టు. అంటే రెండు శాతం పైన చిన్నదవుతుంది. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, కాబట్టి మీటరు లేని కిలోమీటర్లు కూడా చూపిస్తుంది. అరిగిన టైర్ల మీద ఉన్నన్నాళ్ళూ మామూకి రాని తారీఫ్ వచ్చింది. కొత్త పెద్ద టైర్లు పడిన రోజు నుంచి చేయని నేరం మీద పడింది.

లెక్క చూడండి. 2,000 కిలోమీటర్ల ట్రిప్పు, 500 లీటర్ల డీజిల్. అసలు మైలేజీ 4. అరిగిన తొమ్మిదొందల టైర్లతో మీటరు దాదాపు 2,048 చూపిస్తుంది, మైలేజీ 4.10. కొత్త వెయ్యి టైర్లతో మీటరు దాదాపు 1,931 చూపిస్తుంది, మైలేజీ 3.86. డీజిల్ ఒక్క చుక్క ఎక్కువ కాలలేదు. కానీ 4.10కి అలవాటుపడ్డ ఓనరు 1,931ని దానితో భాగించి, 471 లీటర్లు సరిపోవాలి కదా అంటాడు. మిగతా 29 లీటర్లు ఎక్కడ? ఆ 29 లీటర్లే మా మామూ నెత్తిమీద పడ్డ ఇల్జామ్.

ఆ మధ్యాహ్నం అబ్బా, మామూ, నేనూ బండెక్కి ఏలూరు రోడ్డు మీద పోయాం. కిలోమీటరు రాయి దగ్గర మీటరు అంకె రాసుకున్నాం. 20 రాళ్ళు దాటాక మళ్ళీ చూశాం. మీటరు 19.3 చూపించింది. సుద్దముక్క చెప్పిందీ, రోడ్డు పక్క రాళ్ళు చెప్పిందీ ఒకటే. ఇద్దరు గవాహీలు.

మర్నాడు ఓనరు షెడ్డుకి వచ్చాడు. అబ్బా ఆయనతో వాదించలేదు. కాగితం చేతికిచ్చి, "మీరే కొలవండి బాబుగారూ" అని టేపు అందించాడు. ఆయన కొలిచాడు, కాగితం చూశాడు, మళ్ళీ కొలిచాడు. కాసేపు ఊరుకుని, "సరే సాయిబూ, మీటరు సరిచేసెయ్" అన్నాడు. కోతలు ఆగిపోయాయి. అప్పటికే కోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మామూని చోర్ అన్న మాటను కూడా ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మామూ ఇంకో రెండేళ్ళు ఆ బండే తోలి మానేశాడు.

సరిచేయడం ఎలాగన్నది కూడా చెప్తా, ఎందుకంటే ఇక్కడే సగం పని చేసి చేతులు దులుపుకునేవాళ్ళు ఉన్నారు. కేబుల్ మీటరు బండిలో అసలు ఇలాజ్ పినియన్. చక్రం పెద్దదైతే షాఫ్ట్ కిలోమీటరుకు తక్కువసార్లు తిరుగుతుంది, కాబట్టి కేబుల్‌ను కొంచెం ఎక్కువ తిప్పాలి. అంటే తక్కువ పళ్ళున్న పినియన్ వేయాలి. ఉదాహరణకు 29 పళ్ళది తీసి 28 పళ్ళది పెడితే మూడున్నర శాతం తేడా సరిపోతుంది. పళ్ళు పూర్ణ సంఖ్యల్లోనే ఉంటాయి కాబట్టి ప్రతిసారీ అచ్చంగా కుదరదు. అప్పుడు కేబుల్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య చిన్న రేషియో బాక్స్ పెడతారు. ఇది తెలియనివాళ్ళూ, తెలిసి బద్ధకించేవాళ్ళూ మీటరు విప్పి ముల్లును కొంచెం జరుపుతారు, లేదా స్ప్రింగును సవరిస్తారు. ముల్లు సరైన చోటికి వచ్చినట్టు కనిపిస్తుంది. కిలోమీటర్ల అంకెలు పళ్ళచక్రాల మీద నడిచేవి కదా, అవి పాత అబద్ధమే చెప్తూ ఉంటాయి. డ్రైవర్ మీద ఇల్జామ్ వచ్చేది ఆ అంకెల నుంచే.

సెన్సర్ బండ్లలో పని ఇంకా సులువు. కిలోమీటరుకు ఎన్ని పల్సులు అన్న అంకె మీటరులోనో, బండి కంప్యూటర్‌లోనో ఉంటుంది. కొన్ని పాత ఎలక్ట్రానిక్ మీటర్లకు వెనక చిన్న స్విచ్చులు ఉంటాయి, కొత్తవాటికి స్కానర్ పెట్టి టైరు కొలత మార్చాలి. అంతా అయ్యాక రాళ్ళ మధ్యో, ఫోనులో జీపీఎస్ పెట్టుకుని తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతోనో తోలి చూసుకోవాలి. చూసుకోకుండా సరిచేశామనడం కూడా కసమ్ లాంటిదే, సబూత్ లేని మాట.

"మూడున్నర శాతానికి ఇంత రగడా?" అంటారు కొందరు. వాళ్ళకు రెండు జవాబులు.

మొదటిది జాన్‌కు సంబంధించింది. మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా దాదాపు 83 మీద పోతోంది. వేగం మూడున్నర శాతం పెరిగితే, బ్రేకు పట్టాక ఆగే దూరం ఏడు శాతం పెరుగుతుంది. నిండు లోడు లారీకి ఆ ఏడు శాతం అంటే ముందున్న ఆటోలో కూర్చున్న పిల్లలు. పైగా 2015 నుంచి సరుకు బండ్లకు 80 దగ్గర కట్టేసే స్పీడ్ గవర్నర్ నియమం ఉంది, ట్యాంకర్లకూ డంపర్లకూ 60 దగ్గర. ఆ గవర్నర్ కూడా అదే తిరుగుళ్ళ లెక్క మీద బతుకుతుంది. టైరు మారిస్తే అదీ మోసపోతుంది. దానికి సీలు ఉంటుంది కాబట్టి షెడ్డులో గెలకకూడదు, అనుమతి ఉన్న సెంటర్‌లోనే సరిచేయించాలి. 2018 నుంచి నాలుగు వరసల రోడ్డు మీద సరుకు బండికి గరిష్ఠం 80, మామూలు రోడ్ల మీద 60. పెద్ద బండి దాన్ని దాటితే 2019లో సవరించిన చట్టం ప్రకారం 2,000 నుంచి 4,000 రూపాయల దాకా జుర్మానా. మీటరు చూసుకుని నిజాయితీగా 80 మీద పోయిన డ్రైవర్ ఆ చలానా ఎలా కడతాడు? "నా మీటరు 80 చూపింది" అంటే ఏ పోలీసు వింటాడు?

రెండో జవాబు ఇన్సాఫ్‌కు సంబంధించింది. ఖురాన్‌లో 83వ సూరా పేరే అల్-ముతఫ్ఫిఫీన్. కొలతల్లో, తూకాల్లో కోత పెట్టేవాళ్ళు అని అర్థం. తనకు రావాల్సినప్పుడు ఒక కొలత, ఎదుటివాడికి ఇవ్వాల్సినప్పుడు ఇంకో కొలత. ఆ సూరా మందలించేది ఈ తీరునే. చిన్నప్పుడు మనకు అది కిరాణా కొట్టు తక్కెడ గురించి అని చెప్పారు. లారీ మీటరు తక్కెడ కాదా? పార్టీ దగ్గర కిరాయి తీసుకునేటప్పుడు ఓనరు అసలు దూరానికి తీసుకుంటాడు. ఊరికీ ఊరికీ మధ్య ఎంతో అందరికీ తెలుసు. డ్రైవర్‌కు కిలోమీటరు లెక్కన బత్తా ఇచ్చేటప్పుడు, మైలేజీ హిసాబ్ చూసేటప్పుడు మాత్రం తక్కువ చూపే మీటరు ముందుకొస్తుంది. కావాలని చేసినా, తెలియక చేసినా కోత పడేది ఒకే మనిషి మీద. తెలియక చేసినదానికి అల్లాహ్ మాఫ్ చేస్తాడేమో. తెలిశాక కూడా సరిచేయకపోతే అది జుల్మ్.

ఇప్పుడు బండ్లకు జీపీఎస్ ట్రాకర్లున్నాయి కదా, మీటరుతో పనేముంది అని మొన్న ఒక దోస్త్ అన్నాడు. ఉన్నాయి. మరి ట్రాకర్ ఒక అంకె, మీటరు ఒక అంకె చెప్తే ఎవరిది సచ్ అని అడుగుతారు? తేడా వచ్చిన ప్రతిసారీ ముందు పిలిచేది డ్రైవర్‌నే. సర్వీసు తేదీలు, ఆయిల్ మార్పులు, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడికి చెప్పే కిలోమీటర్లు, అన్నీ ఇంకా మీటరు మీదే. పెద్ద టైర్లతో నడిచిన బండి తక్కువ తిరిగినట్టు కనిపిస్తుంది. అది తెలిసీ దాచి అమ్మితే ఆ సొమ్ము హలాల్ ఎలా అవుతుంది?

నేను కోరేది పెద్దదేం కాదు. ఓనర్లు టైరు సైజు మార్చాలనుకుంటే ముందు ఆ సైజు తమ బండికి కంపెనీ ఒప్పుకున్నదో కాదో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలకు తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తాయి. ఒప్పుకున్న సైజే అయితే టైర్లు వేయించిన రోజే మీటరూ సరిచేయించాలి, ఖర్చు ఓనరుదే. టైర్లకు అంత డబ్బు పెట్టినవాడికి ఒక పినియన్ బరువు కాదు. ఆ పని అయ్యేదాకా ట్రిప్ షీట్‌లో మీటరు అంకెను కొత్త చుట్టుకొలతతో గుణించి, పాత చుట్టుకొలతతో భాగించి రాయాలి. మా మామూ బండికైతే 1.035తో గుణిస్తే చాలు. అప్పటిదాకా మైలేజీ పేరుతో ఎవరి జీతమూ కోయకూడదు.

టైరు షాపుల్లో, షెడ్డుల్లో పనిచేసే మన పిల్లలకు కూడా ఒక మాట. సైజు మార్చి బండి పంపేటప్పుడు "మీటరు తప్పు చూపిస్తుంది భాయ్" అని డ్రైవర్‌కు చెప్పడం మీ బాధ్యత. అది అమానత్. మీటరు సరిచేస్తే ఒక చీటీ రాసివ్వండి. తేదీ, ఆ రోజు మీటరు అంకె, పాత టైరు, కొత్త టైరు, వేసిన పినియన్ లేదా మార్చిన అంకె. ఆ చీటీ బండి కాగితాలతో ఉండాలి. సరిచేయడం వేరు, అంకెలు వెనక్కి తిప్పడం వేరు. చీటీ లేకపోతే చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

డ్రైవర్ భాయ్‌లకు చెప్పేది ఒక్కటే. టైర్లు మారిన మొదటి ట్రిప్పులోనే 20 రాళ్ళ మధ్య మీటరు చూసి రాసుకోండి. నిజమైన మీటరు నిజమైన దొంగను కూడా పట్టిస్తుంది. కాబట్టి తప్పు చేయనివాడికి దానివల్ల భయం లేదు.

మామూ ఇప్పుడు బండి తోలడం లేదు. కళ్ళు మందగించాయి. మొన్న ఈద్‌కు వెళ్ళినప్పుడు ఆ రోజు సంగతి ఎత్తితే నవ్వాడు. "ఆ డబ్బు పోయిందని నాకు బాధ లేదు బేటా. మస్జిద్‌లో కసమ్ వేసుంటే సగం మంది నమ్మేవాళ్ళు, సగం మంది నమ్మేవాళ్ళు కాదు. మీ అబ్బా టేపు పట్టుకున్నాక ఎవరికీ మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు" అన్నాడు.

గరీబు మాటకు గవాహీ దొరకడం కష్టం. దొరికే చోట కూడా వెతక్కపోతే ఎలా? ఒక సుద్దముక్క, ఒక టేపు, అరగంట టైము. అంతే ఖర్చు.